వడ్లు పండని దేశానికి మిల్లర్లతో ప్రయాణం

ట్రావెల్స్ ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "సార్, మాకు రెండు మాటలు చెప్పండి" అని అడుగుతుంటారు. రెండు మాటలే అయితే ఇప్పుడే చెప్పేస్తాను: మంచినీళ్ళు, మరుగుదొడ్డి. ఈ రెండూ ఎక్కడున్నాయో ముందే తెలుసుకున్న గైడును ప్రయాణికులు దేవుడి తరువాతి స్థానంలో కూర్చోబెడతారు. కాస్త ఎండ ఎక్కువైతే దేవుడికన్నా ముందే. మిగతాదంతా కింద రాశాను. చదవకపోయినా ఉద్యోగం చేసుకోవచ్చు.

నాది పదవీ విరమణ అనడానికి లేదు. పదవి అంటూ ఎన్నడూ లేదు గనుక, ఉత్త విరమణ. రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చేసి, కాలేజీలో పాఠాలు చెబుదామనుకున్నాను. కాలేజీలు ఒప్పుకోలేదు. ఎనభైలలో సూర్యాపేటలో యాత్రల బస్సులు నడిపే నర్సింహారావు గారు ఒప్పుకున్నారు. ఆయనకు సూర్యాపేటలో ఆఫీసు, కోదాడలో, మిర్యాలగూడలో ఒక్కో బ్రాంచి ఉండేవి. నన్ను చూసి, "ఎం.ఏ. అంటున్నవ్. హిందీ వస్తదా?" అన్నారు. వస్తుందన్నాను. "అయితే ఎం.ఏ. అడ్డం రాదులే" అని కాశీ బస్సు ఎక్కించారు.

అశోకుడు ఆగుతాడు

మొదటి యాత్రలోనే నా వృత్తికి పునాది పడింది. సాంచీ దగ్గర బస్సు ఆగకముందే మైకు పట్టుకుని మౌర్యుల పరిపాలన మొదలుపెట్టాను. చాలా బాగా చెబుతున్నానని నా అభిప్రాయం. పన్ను వసూలు దాకా వచ్చేసరికి నిడమనూరు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ లేచి నిలబడింది.

"సారూ, ఆ అశోకుడు రెండువేల ఏండ్ల సంది గీడనే ఉన్నడంటివి గద. ఇంకో పది నిమిషాలు ఆగుతడు. జర బస్సాపు, మేం దిగాలె."

ఈ సంగతి తెలిసినా నర్సింహారావు గారు నన్ను మందలించలేదు. ఆయన మందలింపు ఎప్పుడూ సలహా వేషం వేసుకుని వచ్చేది. "పంతులూ, ప్యాసింజరుకు దేశం గురించి చెప్పకు. టిఫిన్ ఎన్నిగంటలకో చెప్పు. దేశం ఆల్లకే కనపడతది, టిఫిన్ కనపడది." అప్పటినుంచి ఆఫీసులో నా పేరు పంతులు. నేను ఆ కులంవాణ్ణీ కాదు, ఆ కొలువువాణ్ణీ కాదు. అయినా బాగానే అతుక్కుంది.

ఆయన మీద నా నిష్కర్షయిన అభిప్రాయం కూడా రాసేస్తాను. బస్సుల విషయంలో మొండి. చక్రం ఊడిపోయేదాకా టైరు మార్చనిచ్చేవారు కాదు. మనుషుల విషయంలో మాత్రం ఆయన చెప్పింది తప్పయిన సందర్భం నాకు గుర్తులేదు. నేను పాటించిన సందర్భమూ గుర్తులేదు.

విదేశీ విభాగం

తొంభైలు వచ్చాక మిర్యాలగూడ రైసు మిల్లర్లకు విదేశం చూడాలని బుద్ధి పుట్టింది. కాశీ అయిపోయింది, షిరిడీ అయిపోయింది. నర్సింహారావు గారు 'విదేశీ విభాగం' అని బోర్డు రాయించారు. విభాగం అంటే నేనూ, ఒక కుర్చీ. కుర్చీకి మూడు కాళ్ళే ఉండేవి. నాలుగోది ముందే విదేశం వెళ్ళిందని అడిగినవాళ్ళకు చెప్పేవాణ్ణి.

దేశం నేనే ఎంచాను: మారిషస్. హిందూ మహాసముద్రంలో చిన్న ద్వీపం, మనవాళ్ళు ఒకప్పుడు చెరకు తోటల్లో పనికి వెళ్ళి స్థిరపడిన చోటు, తెలుగు మూలాలవాళ్ళు కూడా ఉన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ దేశం నా పాఠానికి సరిపోయేంత సైజులో ఉంది. ఒక గంటలో ప్రభుత్వం, ఆర్థిక వ్యవస్థ, పత్రికలు, రేడియో, అన్నీ చెప్పేయొచ్చు. కాలేజీలు నాకివ్వని తరగతి ఇలా దొరికింది. బయలుదేరే ముందు మూడు ఊళ్ళలోనూ ప్రయాణికులకు ఒక్కో క్లాసు పెడతానన్నాను. నర్సింహారావు గారు ఓ నిట్టూర్పు విడిచి, "సరే, చాయ మాత్రం మంచిగ పోయించు" అన్నారు.

మూడు ఊళ్ళ పాఠం

సూర్యాపేటలో ప్రభుత్వం గురించి చెప్పాను. మొన్నమొన్నటిదాకా ఇంగ్లండు రాణే వాళ్ళకూ రాణి, ఇప్పుడు గణతంత్రం, ప్రధానమంత్రి పాలిస్తాడు, ఒక్కో నియోజకవర్గానికి ముగ్గురు సభ్యులు అన్నాను.

"ముగ్గురా?" అన్నాడు లింగయ్య. సర్పంచి ఎన్నికల్లో రెండుసార్లు ఓడిపోయిన మనిషి. "మరి పనిబడితే ఎవల దగ్గరికి పోవాలె?"

"ఎవరి దగ్గరికైనా."

"అంటే ముగ్గురు చెయ్యరన్నట్టు."

తరువాత, అక్కడ ఏదైనా వర్గానికి సీట్లు తక్కువపడితే, ఓడినవాళ్ళలో మంచి ఓట్లు వచ్చిన కొందరిని సభలోకి తీసుకుంటారని చెప్పాను. లింగయ్య చాయ గ్లాసు కింద పెట్టాడు.

"ఓడిపోయినోన్ని పిలిచి కుర్సీ ఇస్తరా?"

"మంచిగా ఓడిపోవాలి."

"నా అంత మంచిగ ఓడినోడు ఈ తాలూకల లేడు సారు. నా పేరు రాసుకోండ్రి."

కోదాడలో పత్రికల గురించి చెప్పాను. అక్కడ పేపరు ఏజెంటు సుబ్బారావు పొద్దున్నే పేపరు చూడకపోతే పళ్ళు కూడా తోముకోనివాడు. "ఏమండీ పంతులుగారు, అక్కడ పేపరెన్నింటికి పడుద్దండీ?" అని అడిగాడు. పేపర్లు చాలావరకు ఫ్రెంచి భాషలో ఉంటాయనీ, ప్రభుత్వ రేడియో, టీవీలలో మాత్రం కాసేపు తెలుగు కూడా వస్తుందనీ చెప్పాను. "భాషదేముందండీ, బొమ్మలుంటయ్యిగా" అన్నాడు. ఆ ధైర్యం ఏమిటో నాకు అక్కడికి వెళ్ళాకగానీ అర్థం కాలేదు.

ఆర్థిక వ్యవస్థను మిర్యాలగూడకు అట్టిపెట్టాను. మిల్లర్ల యూనియన్ హాల్లో, మొదటి వరసలో సత్యనారాయణ, పక్కన భార్య అనసూయమ్మ. నేరేడుచర్ల రోడ్డులో వాళ్ళ మిల్లు. ఇల్లు కూడా మిల్లు ఆవరణలోనే. "చెరకు, బట్టల ఫ్యాక్టరీలు, టూరిస్టులు, ఈ మూడింటి మీదే ఆ దేశం బతుకుతుంది. వరి పండదు. బియ్యమంతా బయటినుంచి కొనుక్కోవలసిందే" అన్నాను.

మిల్లర్లంతా కుర్చీల్లో ముందుకు జరిగారు. బియ్యమంతా కొనుక్కునే దేశం! సత్యనారాయణ మెల్లగా పక్కవాడితో, "గయితే అది మారిషస్ కాదు, మా రైసు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన వేసిన జోకు అదొక్కటేనని తరువాత తెలిసింది.

క్లాసు అయ్యాక అనసూయమ్మ ఒక్కతే నా దగ్గరికి వచ్చింది.

"సారు, నిజంగ ఆ దేశంల వడ్లు ఉండయా?"

"ఉండవమ్మా."

"మిల్లులు?"

"వడ్లు లేనిది మిల్లులెందుకుంటాయి?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మా ఆయన కంచం ముందల కూసుండి, అన్నం నోట్ల పెట్టుకునేకంటె ముందుగాల మెతుకు నలిపి సూస్తడు. ఇది ఏ లాటు, ఎంత నూక, వడ్లల్ల ఎంత తేమ ఉండె, అంత చెప్పినంకనే తింటడు. పెండ్లయిన్నాటి సంది గిదే కథ. కూర ఎట్లుందని ఒక్కనాడు చెప్పలే. వారం రోజులు వడ్ల ముచ్చట లేకుండ అన్నం తినాలె సారు నేను. ఉంటద గట్ల?"

"నాదీ పూచీ" అన్నాను. పిల్లలూ, ఇది రాసుకోండి: దేశం తరఫున గైడు ఎన్ని పూచీలైనా పడొచ్చు. మొగుళ్ళ తరఫున పడకూడదు.

బల్ల మీద మిర్యాలగూడ

బొంబాయిదాకా రైలు, అక్కడినుంచి విమానం. మారిషస్ విమానాశ్రయంలో కస్టమ్స్ బల్ల దగ్గర ఒక పొడుగాటి ఆఫీసరు, "విత్తనాలు, గింజలు, మొక్కలు ఏమైనా ఉన్నాయా?" అని ఇంగ్లీషులో అడిగాడు. నేను అందరి తరఫునా లేవని చెప్పాను. అదే నిమిషంలో సత్యనారాయణ ముందుకొచ్చి, కోటు జేబులోంచి ఒక కాగితప్పొట్లం తీసి విప్పి, అందులోని వడ్లు అరచేతిలో రుద్ది, ఉఫ్ అని ఊక ఊది, మిగిలిన బియ్యం ఆఫీసరు ముందు పెట్టాడు.

"సన్నాలు. కొరికి సూడుమను సారు."

ఆఫీసరు కొరకలేదు. ఊక మాత్రం ఆయన టై మీద వాలింది.

మిల్లరు అన్నవాడు శాంపిల్ పొట్లం లేకుండా గడప దాటడు. పెళ్ళికి వెళ్ళినా, చావుకు వెళ్ళినా జేబులో నాలుగు పొట్లాలు ఉండాల్సిందే, ఎక్కడ బేరం తగులుతుందో ఎవరికి తెలుసు. ఆ దేశం సంగతంతా నేను వీళ్ళకు చెప్పాను. వీళ్ళ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. బియ్యం కొనుక్కునే దేశమని మైకులో ఊరించిందీ నేనే.

ఇక వరసగా మిల్లర్లందరి జేబులూ తెరిచారు. కోటు జేబుల్లోంచి, మందుల డబ్బాల్లోంచి, సాక్సుల్లోంచి సన్నాలు, దొడ్డువి, కొత్తవి, పాతవి. కాసేపటికి ఆ బల్ల మిర్యాలగూడ మార్కెట్ యార్డులా తయారయింది. ఇంకో ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. ద్వీపంలోకి కొత్త పురుగూ తెగులూ రాకుండా వాళ్ళు గింజను ఎంత భయంగా చూస్తారో ఆ మొహాల్లో కనిపించింది. మమ్మల్ని వెనక్కి పంపేసేటట్టే ఉన్నారు. నా ఎం.ఏ. ఇంగ్లీషంతా వాడి బతిమాలాను. వాళ్ళు మర్యాదస్థులు. ఒక్క పొట్లం కూడా మిగల్చకుండా అప్పగిస్తే వెళ్ళొచ్చన్నారు.

"ఏం చేస్తరట వాటిని?" అన్నాడు సత్యనారాయణ.

"కాల్చేస్తారట."

అయినవాళ్ళ గురించి విన్నట్టు తల పక్కకు తిప్పుకున్నాడు. అనసూయమ్మ ఆ తలను చూస్తూ, చాలా నెమ్మదిగా అంది: "వడ్లు లేని దేశమని వస్తే, వడ్లు జేబుల పెట్టుకొని తెస్తిరి."

"వ్యాపారం కొరకు తెచ్చిన అనసూయా."

"సరే. ఇగ పందెం. ఈ వారం రోజులల్ల మీ నోట్లకెళ్ళి వడ్లు, బియ్యం, మిల్లు, ఈ మూడింట్ల ఒక్క మాట వచ్చినా, ఇంటికి పొయినంక కంచం ముందల మిల్లు ముచ్చట జన్మల ఎత్తొద్దు. రాకుంటే, జన్మల నేను మిమ్ములను సతాయించ. సారు సాక్షి."

సత్యనారాయణకు రోషం వచ్చింది. "సాక్షి ఉండు సారు. నాకు ఇంకో ముచ్చటే లేదనుకుంటుంది."

లేదు. ఆ సంగతి మర్నాటికే తేలింది.

ఇంకో ముచ్చట

రోడ్డుకు రెండు పక్కలా చెరకు, దాని చివర సముద్రం. హోటలు ముందు ఇసుకలో దంపతులిద్దరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను సాక్షిని కాబట్టి వెనక కుర్చీలో ఉన్నాను.

"ఏమన్న మాట్లాడుండ్రి" అంది ఆమె.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఎండ కొడుతుంది" అన్నాడు.

"అవును."

మళ్ళీ ఆలోచన. "సముద్రం పెద్దగున్నది."

మరునాడు అదే చోట, అవే కుర్చీలు. ఆమె ఆశగా చూసింది. ఆయన సముద్రాన్ని ఈ చివరనుంచి ఆ చివరిదాకా పరీక్షించి, "నిన్నటంతనే ఉన్నది" అన్నాడు.

ఆయన పట్టుదల మాత్రం మెచ్చుకోవాలి. అన్నం ముట్టడమే మానేశాడు, చూస్తే నోరు ఆగదని. వీధిలో అమ్మే పప్పు నింపిన రొట్టెలతో బతికాడు. బజారులో బియ్యం బస్తా కనబడితే కళ్ళు మూసుకునేవాడు. అనసూయమ్మ చెయ్యి పట్టి నడిపించేది. దూరంనుంచి చూసినవాళ్ళు, కొత్తగా పెళ్ళయినట్టున్నారే అనుకుని ఉంటారు.

మిగతావాళ్ళు ఆయన్ని ఊరికే వదల్లేదు. సుబ్బారావు రోజూ పొద్దున్నే ఫ్రెంచి పేపరు కొని, బొమ్మలు చూసి అందరికీ గట్టిగా వార్తలు చదివేవాడు. ఒక్క అక్షరం రాకపోయినా ఎక్కడా తడబడేవాడు కాదు. పత్రికా రంగం గురించి కోదాడలో నేను చెప్పినదానికన్నా అతను ఎక్కువే చూపించాడు. ఒకరోజు రేవులో ఓడ బొమ్మ, పక్కన బస్తాలు.

"సత్యనారాయణ గారూ, ఓడనిండా సరుకొచ్చిందంటండీ. తెల్లగా, సన్నగా, మల్లెమొగ్గల్లే ఉన్నయ్యంట. దేనిగురించి రాశాడో నాకు తెలవట్లేదు, మీరే చెప్పాల."

సత్యనారాయణ పెదాలు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. హోటలు కుర్రవాణ్ణి అడిగితే అవి సిమెంటు బస్తాలని చెప్పాడు. సిమెంటు చూడడానికే అయితే మిర్యాలగూడ పక్కనున్న వాడపల్లి ఫ్యాక్టరీలు చాలు కదా, ఇంత దూరం రావడమెందుకని నవ్వుకున్నాం.

లింగయ్యను రాజధానిలో శాసనసభ భవనం దగ్గరికి తీసుకువెళ్ళాను. లోపలికి వెళ్ళనివ్వలేదు. గేటు ముందు ఫోటో తీయించుకుని, "లోపట ఓడిపోయినోల్లు ఎటుపక్క కూసుంటరు?" అని డ్రైవరును అడగమన్నాడు. అందరితో కలిసే కూర్చుంటారని డ్రైవరు చెప్పాడు. లింగయ్య ఆ గేటుకు దండం పెట్టాడు. "గౌరవం తెలిసిన దేశం" అన్నాడు.

ఇంకో సాయంత్రం టీవీలో తెలుగు కార్యక్రమం వస్తుందని అందరం హాల్లో చేరాం. ఫ్రెంచి, అక్కడివాళ్ళ వాడుక భాష క్రియోలు విని విని చెవులు ఎండిపోయి ఉన్నాయి. తెలుగు మాట వినబడగానే కొందరు చప్పట్లు కొట్టారు. ఒక ఆవిడ చక్కటి యాసతో పులిహోర చెయ్యడం మొదలుపెట్టింది. "ముందుగా బియ్యం కడిగి" అనగానే సత్యనారాయణ లేచి బయటకు నడిచాడు. ఆ వెనకే అనసూయమ్మ కూడా వెళ్ళింది. కోరుకున్నది దొరికిన మనిషి నడకలా లేదు ఆమెది.

సాక్షి ఏం చూశాడు

ఆఖరి సాయంత్రం సముద్రం ఒడ్డునే బల్లలు వేసి భోజనం పెట్టారు. సత్యనారాయణ ముందు రొట్టెలు, అనసూయమ్మ ముందు అన్నం. ఎదురుగా నేను. వారం గడిచింది. ఇంకొక్క పూట తట్టుకుంటే పందెం ఆయనదే. తట్టుకునేటట్టే ఉన్నాడు కూడా. నాలుగు రోజులుగా ఆయన అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

"కూర ఎట్లున్నది?" అందామె.

"మంచిగున్నది."

పెళ్ళయిన్నాటినుంచి ఆమె వినాలనుకున్న మాట అదేనని నాకు తెలుసు. ఆమె మొహంలో మాత్రం సంతోషం కనబడలేదు. తరువాత నాతో అన్నట్టుగా, "మా మిల్లు పగలు రాత్రి ఆడుతుంటే హాయిగ పండుకుంటం సారు. కరెంటు పొయి మిల్లు ఆగిందనుకో, ఇంటిల్లిపాది లేచి కూసుంటం" అంది.

నేను అప్పుడే అనాలి, అమ్మా, మిల్లు అన్నారు అని. కానీ నిషేధం ఆయన నోటికే గానీ ఆమె నోటికి కాదు.

ఆమె తన కంచంలోంచి ఒక మెతుకు తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి, ఆయన ముందుకు చాపింది.

"ఇది కొత్తదా, పాతదా?"

ఆయన మెతుకు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. ఆ తరువాత నా వంక చూశాడు.

నేను కుర్చీ తిప్పుకుని సముద్రం వైపు చూశాను. నిన్నటంతే ఉంది.

వెనకనుంచి, మొదట మెల్లగా, తరువాత గుక్క తిప్పుకోకుండా వినిపించింది: "పాతది కాదు అనసూయా. ఇది బాయిల్డు. ఉడకబెట్టుడు సరిగ్గ పడలే, అందుకే నడుమ తెల్ల సుక్క ఉన్నది సూడు. మన దగ్గర అయితే గిట్ల రానియ్యం..." అలా నూక దాకా, తవుడు దాకా, నేరేడుచర్ల రోడ్డు దాకా వెళ్ళింది. మధ్యమధ్య ఆమె "ఊఁ" అంటోంది. రొట్టెల పళ్ళెం పక్కకు జరిపిన చప్పుడైంది. ఆయన అన్నం తింటున్నాడు.

చివరగా

ఊరికొచ్చాక పందెం ఎవరు గెలిచారని మిల్లర్లంతా నన్ను నిలదీశారు. నేను సముద్రం చూస్తున్నానని చెప్పాను. సాక్షి అబద్ధం చెప్పకూడదు కదా. నర్సింహారావు గారు మాత్రం మొత్తం విని, "టిఫిన్ సంగతి చెప్పమంటే నువ్వు దేశం సంగతి చెప్తివి. ఆల్లు ఆల్ల సంగతి ఆల్లే చూసుకున్నరు. మంచిగయింది" అన్నారు.

నా క్లాసులు ఆపలేదు. అయితే అప్పటినుంచి ముందు సగం వాళ్ళను మాట్లాడించేవాణ్ణి: ఏం తింటారు, ఏం లేకపోతే నిద్రపట్టదు, జేబులో ఏముంది. మీరు కూడా అలాగే చెయ్యండి. ప్రభుత్వం, ఆర్థికం, పత్రికలు మిగతా సగంలో పడతాయి. చిన్న దేశాలైతే ఇంకా సులువు.

మరుసటి ఏడాది అనసూయమ్మ ఆఫీసుకొచ్చింది. మూడుకాళ్ళ కుర్చీ నేను తీసుకుని, మంచి కుర్చీ ఆమెకిచ్చాను. ఇంకో దేశం చూడాలని ఉందన్నది. ఈసారి కూడా వడ్లు పండని దేశమేనా అని అడిగాను.

"వద్దు సారు. మంచిగ పండే దేశం చూడుండ్రి. పోయినసారి ఆయన మాట్లాడకపాయె, ఆయన మొకం సూసుడే సరిపాయె నాకు. ఈసారి ఆయన పొలాలు సూసుకుంట మాట్లాడతడు. నేను సముద్రం సూస్త."